అనుమతి లేని మంచం

కాకినాడలో సౌగంధిక టవర్స్ అని ఒక అపార్ట్‌మెంటు ఉంది. టవర్స్ అన్నారు కదా అని మెడ పైకెత్తి చూడక్కర్లేదు, నాలుగంతస్తులే. శనివారం సాయంత్రమయ్యేసరికి ఆ నాలుగంతస్తుల జనంలో సగంమంది మూడో అంతస్తులో హైమావతి ఇంటి హాల్లో ఉండేవారు. మిగిలిన సగంమంది అక్కడికి రావడానికి లిఫ్టు కోసం చూస్తూ ఉండేవారు. అందరూ కలిసి హౌసీ ఆడుకునేవారు.

ఆ హాలు పెద్దదేమీ కాదు. ఒక సోఫా, రెండు పేము కుర్చీలు, టీవీ, హైమావతి జాకెట్లు కుట్టే మిషను, చుట్టి మూల నిలబెట్టిన చాపలు, వంటింట్లో పట్టక ఇవతలికొచ్చిన బియ్యం డ్రమ్ము, ఇదీ సామాను. డ్రమ్ము మీద బొంత మడిచి వేస్తే ఒకరు కూర్చోవచ్చు, మొహమాటం లేనివాళ్ళయితే ఇద్దరు. కుట్టుమిషను మీద మోచెయ్యి ఆన్చుకుని నిలబడే హక్కు మొదటి అంతస్తు కామేశం గారిది. ఇంతమంది ఎలా పట్టేవారంటే, ఎవరూ లెక్క వెయ్యలేదు కాబట్టి పట్టేవారు.

కిటికీ పక్కన నవారు మంచం. దాని మీద హైమావతి అత్తగారు మంగతాయారమ్మ. బాత్రూములో జారిపడ్డ దగ్గర్నుంచి మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేశాయి. నోరు మాత్రం ఆవిడ చెప్పినట్టే వినేది. వారమంతా కిటికీలోంచి రోడ్డు చూస్తూ, ఎవరు ఎవరితో బండెక్కి వెళ్తున్నారో గమనిస్తూ గడిపేది. శనివారం హౌసీ అంకెలు పిలిచే ఉద్యోగం ఆవిడది.

"నలభై. చత్వారం వచ్చేసింది, కళ్ళజోళ్ళు పెట్టుకోండి," అనేది సంచిలోంచి బిళ్ళ తీసి. "ఐదు. పాండవులు. ద్రౌపదిని లెక్కెట్టకండి. యాభై ఎనిమిది. రిటైరైపోయేరు, ఇంక ఇంట్లోవాళ్ళ పనయిపోయింది."

ఆట అయ్యాక పక్క సర్దడానికి హైమావతి వస్తే, "అమ్మాయ్, మళ్ళీ శనివారం ఎప్పుడే," అని అడిగేది. రేపు ఆదివారమని తెలిసే అడిగేది. ఈ శనివారాల మీదే అత్తగారి ప్రాణం నిలిచుందని హైమావతికి తెలుసు. డాక్టరు రాసిన మాత్రల మీద ఆవిడకి అంత నమ్మకం లేదు.

ఇలా ఉండగా అసోసియేషన్ ప్రెసిడెంటు భావరాజు గారు హైదరాబాదులో ఒక గృహప్రవేశానికి వెళ్ళొచ్చారు.

భావరాజు గారు సర్వే శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఉండగా జిల్లాలో ఆయన కొలవని పొలం లేదు. రిటైరయ్యాక కొలవడానికి పొలాలు లేక, లిఫ్టు తలుపుకీ గోడకీ మధ్య సందు కొలుస్తూ కాలక్షేపం చేసేవారు. అలాంటి మనిషికి హైదరాబాదులో ఒక హాలు కనిపించింది. ఆ హాల్లో ఒక దీపం, రెండు దిండ్లు, ఒక మొక్క తప్ప ఏమీ లేవు. ఆ ఇంటివాళ్ళు రోజూ సాయంత్రం స్నేహితుల్ని పిలిచి సరదాగా గడుపుతారట. ఎక్కడ కూర్చుంటారని ఆయన అడగలేదు. కొత్తగా దీక్ష పట్టినవాడికి ప్రశ్నలు రావు.

తిరిగొచ్చిన వారమే సర్వసభ్య సమావేశం పెట్టారు. సెక్రటరీ శ్రీపతి గారు, అంటే ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, లేచి చదివారు.

"ఇందుమూలముగా నివాసులు యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, వినోద సాయంత్రములు నిర్వహించు ప్రతి హాలు నందు చిందరవందర నివారించి, హాయి నెలకొల్పుట అత్యవసరమని కమిటీ భావించినది. కావున ఇకమీదట హాయి ధ్రువపత్రము లేని హాలులో అట్టి సాయంత్రములు నిర్వహించరాదు. హాలు విస్తీర్ణములో అరవై శాతము ఖాళీగా ఉండవలెను."

"హాయి ఎంత శాతం ఉండాలండి?" అని అడిగారు కామేశం గారు.

"అది మిగిలిన నలభైలో సర్దుకోవాలి," అన్నారు భావరాజు గారు.

జనం చప్పట్లు కొట్టారు. టిఫిను పెట్టే ముందు చదివిన తీర్మానాన్ని ఎవరూ వ్యతిరేకించరు. హైమావతి కూడా కొట్టింది. ఇల్లు సర్దుకోమంటే తప్పేముందిలే అనుకుంది పాపం.

మొదటి తనిఖీ ఆ బుధవారమే జరిగింది. భావరాజు గారు టేపు ఒక చివర పట్టుకున్నారు, రెండో చివర శ్రీపతి గారు. సోఫా కొలిచారు, కుర్చీలు కొలిచారు, చాపల్ని చుట్టి ఉన్నప్పుడొకసారి, పరిచినప్పుడొకసారి కొలిచారు. బియ్యం డ్రమ్ము దగ్గర ఆగిపోయారు.

"ఇది ఆసనమా, ధాన్యాగారమా?" అన్నారు శ్రీపతి గారు.

"బియ్యం డ్రమ్మండి. శనివారం పూట కూర్చుంటారు," అంది హైమావతి.

"ఒక వస్తువుకు రెండు ప్రయోజనాలు ఉండరాదు తల్లీ. ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ఏదో ఒకటి తేల్చుకోండి."

"బియ్యమేనండి."

"అయితే హాల్లో ఎందుకున్నాయి?"

"వంటింట్లో పట్టకండి."

"చూశారా, చిందరవందరకు మూలం ఎక్కడుందో," అన్నారు భావరాజు గారు, పోయిన సరిహద్దు రాయి దొరికినంత సంతోషంతో.

సోఫా పోయింది. కుర్చీలు, టీవీ, చాపలు పోయాయి. కుట్టుమిషను పడగ్గదిలోకి, డ్రమ్ము మంచం కిందకి పట్టక సెల్లారులోకి పోయాయి. సెల్లారులో జనరేటరు పక్క గది ఖాళీగా ఉంటే కమిటీ దానికి తాత్కాలిక వస్తు విశ్రాంతి కేంద్రమని పేరు పెట్టింది. హైమావతి ఒక్కతే కాదు, హాలున్న ప్రతివాళ్ళూ, అంటే అందరూ, తమ సామాను అక్కడికి దింపేశారు. హైమావతి మొగుడు వీర్రాజు ఓడరేవు ఆఫీసులో గుమాస్తా. సరుకు ఎక్కించడం దింపించడం అతనికి కొత్త కాదు. "ఇక్కడా అదే పనేనా," అని మాత్రం అన్నాడు.

ఖాళీ కుదిరింది కానీ హాయి కుదరలేదు. హాయి అంటే ఒక దీపం, రెండు దిండ్లు, ఒక మొక్క అని కమిటీ నిర్వచించింది. అవి ప్రతి ఇంట్లోనూ కొనడం దండగని నివాసులంతా కలిసి ఒకే సెట్టు కొన్నారు. ఏ ఇంట్లో తనిఖీ అయితే ఆ ఇంటికి సెట్టు ముందు లిఫ్టులో వెళ్ళేది, కమిటీ వెనక మెట్ల మీద వచ్చేది. రెండో అంతస్తులో ఎవరో దిండు మీద సాంబారు ఒలకబోశారు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అదే దిండు మీద అదే మరక చూసి, నివాసుల అభిరుచిలో ఏకరూపత సంతోషదాయకంగా ఉందని కమిటీ రాసింది.

రెండో తనిఖీకి హైమావతి హాల్లో దీపం, దిండ్లు, ప్లాస్టిక్ మొక్క, మంచం, మంగతాయారమ్మ మిగిలారు. కమిటీ మంచం దగ్గర నిలబడింది.

"మంచం వస్తువే," అన్నారు శ్రీపతి గారు. "అందులో సందేహం లేదు. మంచం మీద ఉన్న మనిషి వస్తువు కాదు. అందులోనూ సందేహం లేదు. మనిషితో కూడిన మంచం విషయంలో నిబంధనలు మౌనంగా ఉన్నాయి."

"మీరూ కాసేపు అలాగే ఉండండి బాబూ, టీ తాగుదురు గాని," అంది మంగతాయారమ్మ.

భావరాజు గారు టీ తాగుతూ ఆలోచించారు. "పెద్దావిడ తనంతట తాను కదలగలరా?"

"లేదండి. ఇద్దరం పట్టుకోవాలి," అంది హైమావతి.

"అయితే ఈవిడ చరము కాదు, స్థిరము. స్థిరమైనవి కట్టడంలో భాగం. స్తంభాన్ని ఎవరూ సామానుగా లెక్కపెట్టరు. వదిలేయండి."

హైమావతికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అత్తగారు స్తంభమైనా పరవాలేదు, శనివారం ఉంటే చాలనుకుంది. వాళ్ళు వెళ్ళాక తనిఖీ సెట్టు మీద కుంకుమ పడకుండా చూసుకుంటూ దేవుడికి దీపం కూడా పెట్టింది.

ఆ సంతోషం సోమవారం దాకా ఉంది. సోమవారం తాఖీదు వచ్చింది. మంగతాయారమ్మ గారు కట్టడంలో భాగమని తేలినందున, కట్టడపు ఆమోదిత ప్లానును పరిశీలించడమైనదనీ, సదరు ప్లానులో కిటికీ పక్కన ఎట్టి కట్టడమూ చూపబడలేదనీ, కావున ఆవిడ అనుమతి లేని నిర్మాణముగా గుర్తించబడినారనీ దాని సారాంశం. పదిహేను రోజుల్లో క్రమబద్ధీకరించుకోవాలి, లేదా తొలగించాలి.

హైమావతి ఆ కాగితం పట్టుకుని భావరాజు గారింటికి పరుగెత్తింది. ఆయన ఇంటి హాల్లో ఏమీ లేదు. ఆయన గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూసి లేవబోయి, ఒకసారి కాకపోతే రెండోసారి లేచారు. వంటింట్లోంచి ఆయన భార్య రాజ్యం తొంగిచూసి, కూర్చోమని అనలేక, వెయ్యడానికి కుర్చీ లేక లోపలికెళ్ళిపోయింది.

"మా అత్తయ్యగారికి వెనకగదిలో ఉండటం పడదండి. అక్కడ కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. మనిషి కనపడడు. వారానికోసారి ఆ నలుగురూ వచ్చి కూర్చుంటేనే ఆవిడ అన్నం తింటుందండి. మీరు కొంచెం పెద్దమనసు చేసుకోవాలి," అంది.

"నాకు పెద్దావిడంటే గౌరవమమ్మా. కానీ ఇవాళ కిటికీ పక్కన అత్తగారికి అనుమతిస్తే, రేపు ఇంకొకరు బాల్కనీలో మామగారిని పెడతారు. క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టుకోండి. ఆవిడ ఎప్పుడు నిర్మాణమైనారో ఆధారం జతపరచండి."

ఈ సంగతి విని మంగతాయారమ్మ, "మా అమ్మా నాన్నా ప్లానేసుకుని కన్నారేంటే నన్ను. తొమ్మిదో దాన్ని," అంది. అని నవ్వింది. ఆ రాత్రి మాత్రం శనివారం ఎప్పుడని అడగలేదు. అది చూసి హైమావతి వంటింట్లోకెళ్ళి కళ్ళు ఒత్తుకుంది.

ఇంతలో కమిటీకి ఇంకొక లోపం దొరికింది. హాలు ఖాళీ చేస్తే అందులోకి అతిథులు వచ్చి కూర్చుంటున్నారు. కూర్చున్న మనిషి జాగా ఆక్రమిస్తాడు. బాసీపట్టు వేస్తే మరీ. భావరాజు గారు స్వయంగా శ్రీపతి గారిని నేలమీద రకరకాలుగా కూర్చోబెట్టి కొలిచి, సగటు అతిథి వైశాల్యాన్ని నిర్ణయించారు. ఆ లెక్కన ఒక్కొక్క హాల్లో నలుగురికి మించి వీల్లేదు. ఆ నలుగురూ చెప్పులు విడిస్తే గుమ్మం దగ్గర చిందరవందర, విడవకపోతే లోపల. అంచేత ఇద్దరన్నారు. ఇద్దరికి మంచినీళ్ళిస్తే రెండు గ్లాసులు, గ్లాసులు పెట్టడానికి ఒక స్టూలు. చివరికి అన్నివిధాలా ఆలోచించి, వినోద సాయంత్రాలు అతిథుల బెడద లేకుండా జరుపుకోవడం శ్రేయస్కరమని సిఫార్సు చేశారు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని కామేశం గారన్నారు గానీ, ఆయన ఆ మాట అన్న చోట వినేందుకు ఇంకెవరూ లేరు.

ఆ నెల సౌగంధిక టవర్స్‌లో నాలుగు వినోద సాయంత్రాలు నిబంధనల ప్రకారం జరిగాయి. ఎవరిళ్ళల్లో వాళ్ళు దీపం కేసి చూస్తూ కూర్చున్నారు, సెట్టు ఎవరి వంతయితే వాళ్ళు. మిగిలినవాళ్ళు ఊరికే కూర్చున్నారు.

ఉత్తమ వినోద సాయంత్రపు హాలుకి బహుమతి కూడా ప్రకటించారు. అది నాలుగో అంతస్తులో నాలుగువందల రెండో ఫ్లాటుకి వచ్చింది. ఆ ఫ్లాటు కొన్నవాళ్ళు కట్టిన దగ్గర్నుంచీ తాళం తియ్యలేదు. అయినా, లేదా అందుచేతనే, నూటికి నూరు శాతం ఖాళీ సాధించిన ఏకైక హాలు అదేనని కమిటీ శ్లాఘించింది. ఇరుగుపొరుగుల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. శనివారం సాయంత్రం ఆ ఫ్లాటు గుమ్మం ముందు అభినందన సభ అని, నివాసులందరూ విధిగా హాజరుకావాలని లిఫ్టులో కాగితం అంటించారు.

మంచం తొలగించడానికి, దరఖాస్తు కారణంగా పొడిగించిన గడువు కూడా ఆ శనివారమే. దరఖాస్తు తిరిగొచ్చేసింది. పుట్టిన తేదీకి రుజువు లేనందున నిర్మాణకాలం నిర్ధారించలేకపోతున్నామని రాశారు.

"మంచం సెల్లారుకెళ్ళాలంటున్నారమ్మా," అన్నాడు వీర్రాజు తల వంచుకుని. "నిన్ను వెనకగదిలో పరుపు మీద పడుకోబెడతాం."

మంగతాయారమ్మ కిటికీలోంచి కాసేపు చూసింది. "నాకు పెళ్ళయినప్పుడు మా నాన్న చేయించిన మంచంరా ఇది. ఇదెక్కడుంటే నేనక్కడే. దింపండి నన్ను కూడా. వాళ్ళు మంచం దింపమన్నారు గానీ ఖాళీ మంచం అని ఎక్కడన్నారు."

హైమావతి వద్దనబోయింది. వెనకగది గోడ గుర్తొచ్చింది. వద్దనలేదు.

మంచం లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీంచి దింపాలి. వీర్రాజు ఒక కోడు, కామేశం గారు ఒక కోడు, వాచ్‌మేన్ ఒకటి, రెండో అంతస్తు సాంబారు దిండాయన ఒకటి పట్టుకున్నారు. వెనకాల దుప్పటి, తలగడ, మాత్రల డబ్బా పట్టుకుని హైమావతి.

"కంగారు పడకండర్రా," అంది పైనుంచి మంగతాయారమ్మ. "నలుగురూ మోస్తుంటే ఎలా ఉంటుందో చూద్దామనుకునేదాన్ని. బానే ఉంది. కామేశం గారూ, మీ పక్క దిగిపోతోందండి."

ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. పైన సభకి బయల్దేరినవాళ్ళు ఏమిటో కనుక్కుందామని వెనకే కిందకి దిగారు. పెద్దావిడ మెట్ల మీంచి ఊరేగుతుంటే తాళం వేసిన తలుపుని అభినందించడానికి ఎవరు వెళ్తారు? రాజ్యం కూడా చేతిలో ఉన్న పూలదండతో సహా వచ్చేసింది.

విశ్రాంతి కేంద్రం తలుపు తీశారు. లోపల అందరి ఇళ్ళూ ఒకచోట ఉన్నాయి. సోఫాలు ఒకదానికొకటి ఒరుసుకుని, పడక్కుర్చీలు, ఉయ్యాలబల్ల, పేము కుర్చీలు, హైమావతి బియ్యం డ్రమ్ము. మంచం మధ్యలో దించారు. మోసినవాళ్ళు ఆయాసంతో దగ్గరున్న వాటి మీద కూలబడ్డారు. కూలబడి, చాలా రోజులకి వెన్ను ఆనిందేమో, లేవలేదు. వాళ్ళని చూసి తక్కినవాళ్ళూ కూర్చున్నారు. ఎవరి సోఫా ఎవరిదని ఎవరూ అడగలేదు. డ్రమ్ము మీద ఇద్దరు కూర్చున్నారు. ఎవరో వేడివేడి మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చారు. మంగతాయారమ్మ తలగడ కిందనుంచి హౌసీ సంచి తీసింది. అది అక్కడుందని హైమావతికి కూడా తెలియదు.

పైన నాలుగో అంతస్తులో భావరాజు గారూ, శ్రీపతి గారూ చాలాసేపు నిలబడ్డారు. అధ్యక్షోపన్యాసం మొదలుపెట్టి శ్రీపతి గారొక్కరికే చెప్పడం బాగోక ఆపేశారు. కిందనుంచి నవ్వులు వినిపించాయి. మెట్లు దిగి, సెల్లారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

ఆట ఆగింది. బజ్జీ నోట్లో ఉన్నవాళ్ళు నమలడం మానేశారు. హైమావతి లేచి మంచానికి అడ్డంగా నిలబడింది. తను అలా నిలబడగలనని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

"ఇక్కడ ఖాళీ శాతం ఎంతండి?" అన్నారు శ్రీపతి గారు భయం భయంగా.

భావరాజు గారు జేబులో టేపు మీద చెయ్యి వేశారు. "ఇది వస్తు విశ్రాంతి కేంద్రం. ఇక్కడ మనుషులు కూర్చోవడానికి ఏ నిబంధన కిందా వీల్లేదు. ఈ క్షణమే అందరూ..."

అంటూ ఒక అడుగు వేశారు. నేలమీద కూర్చుని కూర్చుని పట్టేసిన నడుము కలుక్కుమంది. చెయ్యి చాచి దొరికింది పట్టుకున్నారు. అది మంచం కోడు.

"నిలబడి ఎందుకు బాబూ, కూర్చుని తిట్టండి," అంది మంగతాయారమ్మ.

ఆయన చుట్టూ చూశారు. ఆయన పడక్కుర్చీలో రాజ్యం కూర్చునుంది. టికెట్టు ఒళ్ళో పెట్టుకుని, భర్త కేసి కాక టికెట్టు కేసే చూస్తోంది. సోఫాలు నిండిపోయాయి. డ్రమ్ము నిండిపోయింది. పెద్దావిడ రెండు చేతులతో తన మోకాలు పట్టుకుని, పళ్ళ బిగువున మెల్లగా ముడిచింది. తర్వాత రెండోది. హైమావతి సాయం వెళ్ళబోతే వద్దని తలాడించింది. మంచం మీద ఒక మనిషికి సరిపడా జాగా అయింది.

భావరాజు గారు ఆ జాగా కేసి చూశారు. కొలవలేదు. కూర్చున్నారు. నవారు కిర్రుమంది. ఆయన నోట్లోంచి, తెలియకుండానే, అబ్బ అని ఒక నిట్టూర్పు వచ్చింది.

మంగతాయారమ్మ ఒక టికెట్టు ఆయన చేతిలో పెట్టి సంచిలో చెయ్యి పెట్టింది. "అరవై. షష్టిపూర్తి. దంపతులు పీటల మీద కూర్చోవాలి."

రాజ్యం టికెట్టు మీద గీత కొట్టుకుంది. భావరాజు గారు తన టికెట్టు వెతుక్కుని, ఆయనా కొట్టుకున్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"శ్రీపతి గారూ, రాసుకోండి. విశ్రాంతి కేంద్రములో వస్తువులు మితిమీరి చిందరవందరగా ఉన్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. కావున ఎవరి సామాను వారు సత్వరమే తొలగించి తమ తమ ఇళ్ళకు చేర్చుకొనవలెను."

శ్రీపతి గారు గబగబా రాసుకున్నారు. "ఇళ్ళల్లో ఎక్కడండి?"

"హాల్లో. ఇంకెక్కడ పడుతుంది."

"మంచం కూడానాండి?"

"మంచం ముందు. కిటికీ పక్కన."

హైమావతి అప్పుడు కూర్చుంది. దుప్పటి అంచుతో మొహం తుడుచుకుంది. అత్తగారు ఆవిడ కేసి చూడకుండానే ఒక బజ్జీ ఇటు జరిపింది.

"ఎప్పటిలోగా అని రాయమంటారు?" అన్నారు శ్రీపతి గారు, ఇంకా గుమ్మంలోనే నిలబడి.

"ఇరవై ఏడు, నక్షత్రాలు," అంది మంగతాయారమ్మ.

భావరాజు గారికి ఇరవై ఏడుంది. అది కొట్టుకుంటూ తలెత్తకుండానే, "ఈ ఆట అవ్వనివ్వండి, చెప్తాను. మీరు ముందు లోపలికొచ్చి ఎక్కడో అక్కడ కూర్చోండి," అన్నారు.